కొండోజు చేయి, దొరగారి కుంచె

నెల్లూరు తీరం కథలు – 17

బాదామి శాసనాల్లో ఒక క్షురకుడి పేరు ఉంది. కొండోజు. విజయనగర సింహాసనం మీద సదాశివరాయలు కూర్చుని, పెత్తనమంతా అళియ రామరాయలు చేస్తున్న 1540ల కాలం అది. రామరాయల గడ్డం గీసేవాడు కొండోజు. ఆ పనితనానికి మురిసిన రామరాయలు, అతనొక్కడికి ఏదో మాన్యం ఇచ్చి ఊరుకోలేదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ పన్నులు మాఫీ చేయించాడు. వెట్టిచాకిరీ, గుత్త పన్ను, మహర్నవమి దివిటీల పేరుతో గుంజే సొమ్ము, ఇలాంటివన్నీ పోయాయి. ఆ మాఫీ సంగతి చెప్పే శాసనాలు కన్నడ దేశంలోనే కాదు, తెలుగు నేల మీదా దొరికాయి.

రామరాయలంటే మనకు గుర్తొచ్చేది 1565, తళ్లికోట, తెగిన తల. అంతకు ఇరవయ్యేళ్ల ముందు ఆ తలకు నున్నగా గడ్డం గీసిన మనిషి పుణ్యాన ఎన్ని ఇళ్లకు పన్ను తప్పిందో పాఠ్యపుస్తకాలకు పట్టలేదు. కవులకు అగ్రహారాలు, సేనాపతులకు అమరనాయకాలు ఇవ్వడం రాజులకు మామూలే. పనితనం ఒకడిది, ఫలితం కులమంతటిదీ అయిన సందర్భాలు మాత్రం మన చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టాలి. నెల్లూరు తీరం అప్పట్లో ఉదయగిరి రాజ్యంలో భాగం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి ఆ కోటను పట్టుకున్నాక ఈ ఊళ్లకు ఏలిక మళ్లీ విజయనగరమే. అంటే కొండోజు కథ మనకు పొరుగుదేశపు కథ కాదు.

ఈ వారం కథంతా గడ్డం చుట్టూనే తిరుగుతుంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, గడ్డం తడిపే పని చుట్టూ.

కొండోజు చేతిలో ఏముండి ఉంటుంది? కత్తి, సానరాయి, నీళ్ల గిన్నె. కుంచె మాత్రం లేదు. గడ్డానికి నురగ పట్టించే కుంచె అప్పటికి ప్రపంచంలో ఎక్కడా వాడుకలోకి రాలేదు. మన వైపు పద్ధతి నీళ్ల పద్ధతి. వేళ్లు ముంచి గడ్డానికి నీళ్లు పట్టించడం, రుద్దడం, మళ్లీ పట్టించడం. తొందరపడే మంగలి చేతిలో మంట, ఓపిక ఉన్న మంగలి చేతిలో హాయి. 19వ శతాబ్దంలో ఈ దేశం గురించి రాసిన ఆంగ్లేయులు, ఇక్కడివాళ్లు సబ్బు ముట్టకుండా వట్టి నీళ్లతోనే గీస్తారని మళ్లీ మళ్లీ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. పొడి వెంట్రుక గట్టిది. నీళ్లు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు కత్తికి శ్రమ బాగా తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లయితే రెండు మూడు నిమిషాలు చాలు. చర్మం మీది జిడ్డు ఆ నీటిని వెంట్రుకలోకి పోనివ్వదు కాబట్టి వేళ్లతో రుద్దాలి. ఆ రుద్దడంలోనే విద్యంతా ఉంది. నమ్మకం కుదరకపోతే తిరుమల కల్యాణకట్టకు వెళ్లి చూడండి. రోజూ వేల తలలు గొరుగుతారు. నురగ లేదు, కుంచె లేదు. తల తడుపుకుని కూర్చోవడమే.

అలాగని కుంచె అంటేనే ఎరగని జనం కాదు మనవాళ్లు. ఎరుకల తెగల్లో కుంచపురి ఎరుకలు అని ఒక శాఖ ఉంది. పడుగుకు గంజి పట్టించడానికి నేతగాళ్లు వాడే కుంచెలు కట్టడం వాళ్ల వృత్తి. గోడకు సున్నం కొట్టడానికి మట్ట చితక్కొట్టి కుంచె చేసుకోవడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. ఆఖరికి మన తాటినార కాకినాడ రేవులో ఓడెక్కి యూరప్‌లో వీధులూడ్చే బ్రష్షులుగా, నేల తోమే బ్రష్షులుగా మారింది. నూలుకు కుంచె ఉంది, గోడకు కుంచె ఉంది. మొహానికి మాత్రం మనిషి చేయే. ఎందుకంటే గడ్డం గీయడమనేది మన దగ్గర ఒకరు చేయించుకుంటే ఇంకొకరు చేసే పని. ఎవరికి వారు చేసుకునే పని కాదు. రుద్దడానికి పక్కన ఒక మనిషి ఉన్నంతకాలం కుంచె అవసరం ఎవరికి పడుతుంది?

గత భాగాల్లో దుగరాజపట్నం సంగతి చెప్పుకున్నాం. 1626లో ఆంగ్లేయులు అక్కడ గోడలు కట్టుకుని, ఫిరంగులు పెట్టుకుని, తమకు సాయపడ్డ ఆర్ముగం మొదలియారు పేరు మీద దాన్ని అర్మగాన్ అని పిలుచుకున్నారు. కోరమాండల్ తీరంలో వాళ్ల మొదటి కోట అదే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మన కథలోంచి పోలేదు. ఆ రోజుల్లో కుంఫిణీ ఓడల్లో వైద్యం చేసేవాళ్లు ఎవరు? మంగలి వైద్యులు. లండన్‌లో క్షురకుల సంఘాన్నీ శస్త్రవైద్యుల సంఘాన్నీ ఎనిమిదో హెన్రీ 1540లో ఒక్కటి చేశాడు. అవి మళ్లీ విడిపోయింది 1745లో. రెండు శతాబ్దాల పాటు గడ్డం గీసేవాడూ కాలు కోసేవాడూ ఒకే సంఘం మనుషులు. ఈస్టిండియా కంపెనీ ఓడల వైద్యులకు పెద్దగా ఉన్న జాన్ వుడాల్ 1617లో వాళ్ల కోసం ఒక పుస్తకం రాశాడు. ఓడ వైద్యుడి పెట్టెలో ఏమేం ఉండాలో అందులో చెప్పాడు. ఎముక కోసే రంపాలూ పుండ్లకు రాసే లేపనాలూ ఉన్న ఆ పెట్టెలోనే మంగలి సరంజామా కూడా: కత్తులు, కత్తెరలు, దువ్వెనలు, చెవి గుబిలి తీసే పుల్లలు.

ఇప్పుడు మన మంగలి అడపం విప్పి చూడండి. కత్తి, కత్తెర, గోళ్లు తీసే గోరుగల్లు, ముల్లు పీకే పట్టకారు, గుబిలి తీసే పుల్ల, పటిక ముక్క, తోలుపట్టీ. కురుపు కోయడం, కట్టు కట్టడం ఇతని పనే. ఊళ్లో కాన్పులు చేసే మంత్రసాని చాలాచోట్ల ఆ ఇంటి ఆడమనిషే. పెళ్లిలో నాదస్వరం, డోలు కూడా ఆ ఇంటివాళ్లవే. లండన్ మంగలికి సన్నాయి రాదు, తేడా అంతే. అర్మగాన్ కోటలో గడ్డాలు గీసిన దొర మంగలీ, కోట బయట ఊళ్లో గీసిన మన మంగలీ ఒకే విద్య చదివినవాళ్లు. తర్వాత కథ మాత్రం ఒకటి కాలేదు. అక్కడ శస్త్రవైద్యుడు విడిపోయి డాక్టరయ్యాడు. ఇక్కడ పెద్దాసుపత్రులు వచ్చి వైద్యం పోయింది, దాంతో ఆ గౌరవమూ పోయింది. చేతిలో మిగిలింది కత్తి, వెనక మిగిలింది తిట్టుగా మారిన కులం పేరు. ఆ పేరును అవమానంగా వాడకూడదని రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వే ఇవ్వాల్సి వచ్చింది. పాత కాలం సంగతులు చెప్పేటప్పుడు పాత మాట వాడక తప్పదు కాబట్టి ఇక్కడ వాడుతున్నాను. ఈనాటి నాయీబ్రాహ్మణులను ఆ పేరుతో పిలవడం మర్యాద కాదు.

కుంచె పుట్టింది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో. బ్యాడ్జర్ అనే జంతువు బొచ్చుతో కట్టేవాళ్లు. ముంగిసకు దూరపు చుట్టం లాంటిదనుకోండి, చలిదేశాల్లో నేలలో బొరియ చేసుకుని ఉంటుంది. దాని వెంట్రుక నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, కొన మెత్తగా ఉంటుంది. కుంచె పుట్టిన కాలానికీ ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవాలన్న ఆలోచన పుట్టిన కాలానికీ మధ్య పెద్ద దూరం లేదు. పారిస్‌లో కత్తులు చేసే జాన్-జాక్ పెర్రే అనే ఆయన, మంగలి అక్కర్లేకుండా గడ్డం గీసుకోవడం ఎలాగో నేర్పుతూ 1769లో ఒక పుస్తకమే వేశాడు. తన గడ్డాన్ని తానే వేళ్లతో అయిదు నిమిషాలు రుద్దుకునే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఓపికకు బదులుగా వచ్చింది కుంచె. మంగలి వేళ్లు చేసే మూడు పనుల్నీ అది చేస్తుంది. జిడ్డు వదిలిస్తుంది, వెంట్రుకను లేపి నిలబెడుతుంది, నీటిని ఆరిపోకుండా గడ్డంలోనే నిలుపుతుంది. సబ్బు నురగ ఇక్కడ చేసే ముఖ్యమైన పని ఆ చివరిదే. కత్తి జారడానికి నురగ అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. నీళ్లను పట్టి ఉంచడానికే నురగ.

దొరలతో పాటు కుంచె ఈ తీరానికి వచ్చింది. వచ్చి చాలాకాలం బంగళాల గుమ్మం దాటలేదు. విచిత్రమేమంటే, కుంచె ఉన్న దొర కూడా ఇక్కడికొచ్చాక మంగలి చేతికే గడ్డం అప్పగించాడు. తాను నిద్రలో ఉండగానే మంగలి వచ్చి, గడ్డం గీసి, మెలకువ రాకుండా వెళ్లిపోయేవాడని ఆంగ్లేయ ఉద్యోగులు ముచ్చటగా రాసుకున్నారు. ఎవరికి వారు గీసుకునే విద్య నేర్చిన జాతి, చాకిరీ చవగ్గా దొరికే దేశంలో ఆ విద్యను మూలన పెట్టింది.

ఊళ్లో లెక్క వేరు. క్షవరానికి డబ్బులివ్వడమనేది లేదు. కోతలయ్యాక కళ్లంలో వడ్లు కొలిచి ఇచ్చే మేర, పండక్కి బియ్యం, పెళ్లికి పంచె. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ గడ్డాలు, తలలు, పురిటి వేళ, చావు వేళ చేసే పనులు అన్నీ ఆ గింజల్లోనే. పెన్నా ఆయకట్టులో వరి పండినంతకాలం ఆ లెక్క నడిచింది. పంట పోయిన ఏడు ముందు కోత పడేది ఎవరి మేరకో చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఊరి మంగలి అందరి మంగలీ కాదు. మాలపల్లెకూ మాదిగపల్లెకూ అతను పోడు. పోతే ఊళ్లో పెద్దిళ్లవాళ్లు అతన్ని గడప తొక్కనివ్వరు. తన కిందకు ఇంకొకరిని నెట్టమని చెప్పిన వ్యవస్థే అతన్నీ ఒకరి కింద పెట్టింది.

ఈ కట్టుబాటుకు బీట వేసినవాటిలో చట్టాలూ ఉద్యమాలూ ఉన్నాయి, మధ్యలో ఒక చిన్న ఇనుప పనిముట్టు కూడా ఉంది. కింగ్ జిల్లెట్‌కు సేఫ్టీ రేజర్ మీద పేటెంటు వచ్చింది 1904లో. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఆ కంపెనీ సరఫరా చేసిన రేజర్లు 35 లక్షలు. విషవాయువు నుంచి కాపాడే ముసుగు మొహానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. సైనికుడన్న ప్రతివాడూ తన గడ్డం తానే గీసుకోవాల్సి వచ్చింది. రేజరుతో పాటే కుంచె.

అక్కడే కుంచె మనుషుల్ని చంపింది. యుద్ధం వల్ల బ్యాడ్జర్ బొచ్చు రావడం కష్టమైంది. గిరాకీ మాత్రం లక్షల్లో పెరిగింది. దాంతో తూర్పు ఆసియా నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకలకు రంగేసి బ్యాడ్జర్‌గా నమ్మించి కట్టి అమ్మారు. ఆ వెంట్రుకల్లో ఆంత్రాక్స్ క్రిమి ఉంది. మన పశువుల కాపరులు దొమ్మ అంటారే, అదే. ఆ క్రిమి బీజాలు ఎండినా చావవు, ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. గడ్డం గీసేటప్పుడు పడ్డ సన్నని గాటులోంచి లోపలికి పోయి, మెడ మీద నల్లటి పుండై పైకి తేలింది. అమెరికన్, బ్రిటిష్ సైనికుల్లోనూ అమెరికా పౌరుల్లోనూ కలిపి 200కు పైగా కేసులు నమోదయ్యాయి. బ్రిటన్ 1919లో ఆంత్రాక్స్ నివారణకు చట్టం చేసి, ఆ వెనకే జపాన్ షేవింగ్ బ్రష్షుల దిగుమతిని ఆపేసింది. వెంట్రుకను ఉడకబెట్టి, మందు నీళ్లలో నానబెట్టి శుద్ధి చేసి కట్టడం ఆ దెబ్బతోనే కట్టుదిట్టమైంది. పాత సామాన్ల దుకాణంలో తాతల కాలపు గుర్రపు వెంట్రుకల బ్రష్షు కనిపిస్తే అల్మారాలో పెట్టి చూసుకోండి. మొహం మీద పెట్టుకోకండి.

మళ్లీ మన ఊరి కట్టుబాటు దగ్గరికి వద్దాం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ నెల్లూరు పక్కన పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. పెన్న ఒడ్డున దాన్ని నిలబెట్టినవాళ్లు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. ఎవరి పని వారు చేసుకోవాలన్నది ఆశ్రమ జీవితపు మొదటి పాఠం. ఆ పాఠం గాంధీజీకి కొంత మంగలి కుర్చీ దగ్గరే వంటబట్టింది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక తెల్ల మంగలి ఆయన జుట్టు కత్తిరించనన్నాడు. గాంధీజీ కత్తెర మిషను కొనుక్కుని అద్దం ముందు తనే కత్తిరించుకున్నారు. ముందు భాగం ఒకమాదిరిగా వచ్చింది, వెనక పాడైంది, కోర్టులో స్నేహితులు నవ్వారు. గడ్డం గీసుకోవడం అప్పటికే వచ్చు, జుట్టే కొత్త. ఆత్మకథలో ఈ కథ చెప్పి ఆయన ఊరుకోలేదు. ఆ మంగలిది తప్పు కాదు, మన మంగళ్లను మనం అంటరానివాళ్లకు పని చేయనిస్తున్నామా అని అడిగారు. నన్నడిగితే స్వావలంబన కన్నా ఆ ప్రశ్నే పెద్దది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇలా సేవ నిరాకరించడాన్ని శిక్షార్హమైన నేరం చేసింది. చట్టం వచ్చినంత తొందరగా ఊరు మారలేదు. ఆలోగా ఊరి మంగలి రాని వాడల్లో ఒక రేజరు, ఒక బ్రష్షు, ఒక సబ్బు బిళ్ల చేసిన మేలు తక్కువేమీ కాదు. ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేకుండా పోయింది.

మంగలికీ మంచే జరిగింది కొంత. ఊరొదిలి నెల్లూరు వచ్చి ట్రంకు రోడ్డు మీద కుర్చీ, అద్దం పెట్టుకుంటే మేర కోసం కళ్లం దగ్గర చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. ఇంత గడ్డానికి, ఇంత కటింగుకు. లోపలికి వచ్చినవాడి కులం ఏదైతేనేం, డబ్బు ఒకటే. మంగళవారం సెలవు. కుంచె తెలుగువాడి మొహం మీద నిజంగా స్థిరపడ్డది ఈ సెలూన్లోనే. ఇక్కడ అది దొరగారి సొంత వస్తువు కాదు, రోజుకు నలభై యాభై మొహాల మీద తిరిగే ఉమ్మడి సొత్తు. 1990ల తర్వాత ఎయిడ్స్ భయం ఊరూరా పాకేసరికి జనం బ్లేడు మార్చమని అడగడం నేర్చుకున్నారు. సగం బ్లేడు విరిచి కొత్తది బిగించడం కళ్లెదుట జరగాలి. ఆ బ్లేడు ముందు తిరిగిన బ్రష్షు ఎన్నో మొహాలు చూసి వచ్చిందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. గడ్డం కుదుళ్లలో చీము పొక్కులు లేపే జబ్బుకు అలాంటి బ్రష్షు మంచి వాహనం. తర్వాత డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగ రావడంతో చాలాచోట్ల బ్రష్షే పోయింది. శుభ్రత కోసమే పోయిందని చెప్పలేం. టైము కలిసొస్తుందని పోయింది.

డబ్బా నురగలో ఉన్నది చాలావరకు గాలి. చూడటానికి తెల్లగా, గుబురుగా ఉంటుంది గానీ జిడ్డును వదిలించే రాపిడి అందులో లేదు. సెలూన్లో డబ్బా నురగ పూసిన మరుక్షణమే గీసి పంపిస్తే సాయంత్రానికి మెడ మీద ఎర్రగా పొంగే ఆ దద్దుర్లు, పొక్కులు కత్తి చేసిన పాపం కాదు, తడపకపోవడం చేసినవి. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి సెలూన్లు మూతపడ్డప్పుడు ఇంట్లో అద్దం ముందు నిలబడ్డవాళ్లలో కొందరికి ఈ సంగతి తెలిసొచ్చి, మళ్లీ బ్రష్షు కొన్నారు. ఇప్పుడు బ్యాడ్జర్ కోసం వెతకక్కర్లేదు. పంది వెంట్రుకలవి చవగ్గా దొరుకుతాయి, వాడగా వాడగా కొనలు చీలి మెత్తబడతాయి. వద్దనుకుంటే నైలాన్ లాంటి కృత్రిమ పోగులవి ఉన్నాయి, తొందరగా ఆరతాయి, దొమ్మ భయం లేదు.

వాడే తీరు కొండోజు విద్యకు దగ్గరగానే ఉంటుంది. స్నానం చేశాక గీసుకుంటే సగం పని అయిపోయినట్టే. బ్రష్షును గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు నాననిచ్చి, దులిపి, సబ్బు మీద అర నిమిషం తిప్పాలి. ఆ తర్వాత తిప్పాల్సింది గిన్నెలో కాదు, గడ్డం మీదే, గుండ్రంగా, వెంట్రుక వాలుకూ ఎదురుకూ. నురగ బిరుసెక్కితే బ్రష్షు కొనను నీళ్లకు తాకించి మళ్లీ తిప్పాలి. పెరుగు మీగడలా జారుడు పట్టేదాకా రేజరు జోలికి పోకూడదు. మొదటి గీత వెంట్రుక వాలుకే. మెడ మీద వాలు ఒక్కోచోట ఒక్కోవైపు ఉంటుంది, వేలితో తడిమి చూసుకోవాలి. రెండోసారి గీయాలంటే రెండోసారి నురగ పట్టించాల్సిందే. చివర చన్నీళ్లు, కావాలంటే పటిక.

మన తీరంలో దీనికి ఒక అడ్డం ఉంది, నీళ్లే. మైపాడు వైపో తూపిలిపాళెం వైపో ఉప్పు తగిలిన బోరు నీళ్లతో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, మొహానికి తెల్లటి గసి అతుక్కుంటుంది. నీళ్లలోని సున్నపు లవణాలు సబ్బును విరిచేస్తాయి, ఉప్పు దాన్ని కరగనివ్వదు. ఒక చెంబుడు పెన్నా కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో గడ్డానికని విడిగా పెట్టుకోవడమే మందు. కొబ్బరినూనె ఎక్కువగా ఉన్న సబ్బు ఉప్పునీళ్లలోనూ కొంత నురుగుతుంది. ఓడల్లో మంచినీళ్లు తాగడానికే చాలని రోజుల్లో నావికుల కోసం అలాంటి సబ్బులు ప్రత్యేకంగా తయారుచేసేవాళ్లు. పని అయ్యాక బ్రష్షును కడిగి, దులిపి, వెంట్రుకలు కిందికి వేలాడేలా గాలాడేచోట తగిలించాలి. సముద్రపు తేమకు బాత్రూములో మూల పెట్టిన బ్రష్షు వారానికే బూజు వాసన కొడుతుంది.

నురగకు అడ్డొచ్చిన ఆ ఉప్పుదే వచ్చే వారం కథ. కొఠార్లలో పండిన ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని కనుమలు దాటించిన ఉప్పు ఎరుకలు, రైలు వచ్చాక ఏమయ్యారో చూద్దాం.